వాక్యంలో మన చోటు

'హక్కు' అనే మాట అరబ్బీ భాషది. అక్కడ 'హఖ్'గా పుట్టి, పారశీకం మీదుగా, ఉర్దూ మీదుగా కచేరీలలోకి నడిచి వచ్చి, తెలుగువాని నాలుక మీద 'హక్కు'గా స్థిరపడింది. అర్జీ, జిల్లా, తారీఖు, వసూలు, బాకీ, జవాబు, రైతు - ఇవన్నీ దాని తోబుట్టువులే. ముప్పయి ఏళ్ళకు పైబడి ప్రభుత్వ గుమాస్తాగా కాగితాల మధ్య గడిపిన మాకు ఈ మాటలు లేకుండా గడిచిన రోజు ఒక్కటీ గుర్తు లేదు. 'ఇది నా హక్కు' అని తహసీల్దారు ఎదుట గొంతెత్తే రైతు తాను అరబ్బీ మాట పలుకుతున్నానని కలలో కూడా అనుకోడు. మాటకు ఆ భాగ్యం దక్కింది. మరి మనుషుల సంగతి? ఎక్కడినుంచో వచ్చినవారం కాక, తరతరాలుగా ఈ మట్టిలోనే పుట్టి ఈ మట్టిలోనే కలుస్తున్న మనకు తెలుగు వాక్యంలో అటువంటి చోటు దక్కిందా? ఈ వ్యాసంలో మేము అడగదలచినది ఆ ప్రశ్నే.

ఇది వ్యాకరణ పాఠం కాదు. రచనా శిల్పం, కథన పద్ధతి, పదాల ఎంపిక వంటివి సాహిత్య విద్యార్థులకు సంబంధించిన వ్యవహారమనీ, హక్కుల కోసం తిరిగేవారికి వాటితో పని లేదనీ మన కార్యకర్తలలో ఒక అభిప్రాయం ఉన్నది. అది సరికాదని మా విన్నపం. ఎవరి నోట కథ చెప్పించారు, ఎవరికి పేరు పెట్టారు, ఎవరిని గుంపుగా వదిలేశారు, పని చేసినవాణ్ణి చూపించారా దాచారా - ఇవి చదువరికి తెలియకుండానే అతని మనసులో పని చేస్తాయి. వాదనతో ఒప్పించబోతే మనిషి ఎదురు వాదిస్తాడు. వాక్యం కూర్పుతో ఒప్పిస్తే తాను ఒప్పుకున్నానని కూడా ఎరుగడు.

2020 వేసవిని గుర్తుచేసుకుందాము. మార్చి నెలాఖరున ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్త వెలువడిన నాటినుంచి ప్రతి సాయంత్రం టీవీలలో ఒక వాక్యం వినిపించేది: నేడు నమోదైన కేసులు ఇన్ని, వాటిలో ఢిల్లీ ప్రార్థనలకు వెళ్ళివచ్చినవారివి ఇన్ని. ఆ వాక్యంలో అంకెలు అబద్ధం కాకపోవచ్చును. కాని తక్కిన వారందరికీ వ్యాధి 'సోకింది'. వీరు మాత్రం వ్యాధిని 'తెచ్చారు', 'అంటించారు'. ఒకచోట మనిషి రోగి, మరొకచోట మనిషి కర్త. రెండు క్రియాపదాల మధ్య ఉన్న ఆ కొంచెపు తేడా ఎంత దూరం ప్రయాణించిందో మన జిల్లాలలో కళ్ళారా చూశాము. ఏప్రిల్ నెల నాలుగవ వారం వరకు శ్రీకాకుళం జిల్లాలో ఒక్క కేసు కూడా నమోదు కాలేదు. విజయనగరం జిల్లాలో మే మొదటి వారం వరకు లేదు. అటువంటి రోజులలో, ఇరవై ఏళ్ళుగా మా వీధిలోకి అరటిపండ్ల బండి తోసుకొచ్చే ఒక ముసలి సాయిబును, "కొన్నాళ్ళు ఇటు రావద్దులే బావూ" అని ఎంతో మర్యాదగా వెనక్కి పంపేశారు. పంపినవారు చెడ్డవారు కారు. అతని పిల్లల పెళ్ళిళ్ళకు చదివింపులు చదివించినవారే. అతడు ఢిల్లీ ఎన్నడూ చూడలేదన్న సంగతి కూడా వారికి తెలుసు. జబ్బు ఇంకా జిల్లాలోకి రాలేదు. వాక్యం మాత్రం ముందే వచ్చేసింది.

అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం, మర్కజ్ సమావేశానికి వచ్చిన విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారికి వ్యతిరేకంగా పత్రికలు, టీవీలు సాగించిన ప్రచారాన్ని గట్టిగా తప్పుపట్టింది. తీర్పు గొప్పదే. కాని ప్రతి సాయంత్రం వినిపించిన వాక్యాన్ని ఒక్కరోజు తీర్పు చెరపగలదా? 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలి, నమాజుకు వచ్చినవారు ప్రాణాలు కోల్పోయినప్పుడూ ఇదే జరిగింది. పదుల సంఖ్యలో ముస్లిం యువకులనే పట్టుకుపోయారు. తరువాత న్యాయస్థానాలు వారిని నిర్దోషులని విడిచిపెట్టాయి, ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది. పట్టుకుపోయిన నాడు వారికి పేరుంది, ఊరుంది, ఫొటో ఉంది, పేరుకు ముందు ఒక విశేషణం ఉంది. విడుదలైన నాడు వారు 'కొందరు యువకులు'.

పరులను అనడానికి ముందు మన కాగితాలను మనం చూసుకోవాలి. కచేరీ భాషలో 'బడు' అనే ఒక ధాతువు ఉన్నది. పరిశీలించబడినది, తిరస్కరించబడినది, ఆదేశించబడినది. మన ఇళ్ళలో ఏ తల్లీ "అన్నం వండబడింది, తినబడుము" అనదు. "అన్నం వండాను, తిను" అంటుంది. 'బడు' చేరిన వాక్యంలో పని ఉంటుంది, పని చేసినవాడు మాయమవుతాడు. "మీ దరఖాస్తు తిరస్కరించబడినది" అంటే ఎవరు తిరస్కరించారు? ఏ మేజా దగ్గర? ఎవరిని అడగాలి? వాక్యంలో కర్త లేకపోతే లోకంలో జవాబుదారీ ఉండదు. ఇది కచేరీవారికి అనుకూలమైన వాక్యం. విచారమేమంటే, కచేరీకి వెళ్ళే మనవారు కూడా అదే వాక్యాన్ని గౌరవసూచకమనుకొని వాడుతున్నారు. అర్జీలు రాయించుకోవడానికి మా దగ్గరకు వచ్చేవారు పాత ప్రతులు తెస్తూ ఉంటారు. వాటిలో ఇలా ఉంటుంది: "మా శ్మశానవాటిక స్థలము ఆక్రమించబడినది. తగు చర్య తీసుకొనబడవలెనని ప్రార్థించడమైనది." ఎవరు ఆక్రమించారు? ఎంత మేర? ఎప్పుడు? ఏ చర్య? అటువంటి కాగితం మీద 'చూడడమైనది' అని రాసి కట్టలో చేర్చివేయడం ఎంత సులువో కచేరీలో పనిచేసిన ప్రతివారికీ తెలుసు.

మేము ఆ ప్రతిని పక్కన పెట్టి, వచ్చినవారిని నోటితో చెప్పమంటాము. "ఫలానా సర్వే నంబరులోని మా ఖబరస్తాన్ ఉత్తరపు గట్టును గడచిన తొలకరిలో పక్క పొలం ఆసామి దున్నేశాడు. నాలుగు సమాధులు గట్టు కిందికి వచ్చాయి. సర్వేయరును పంపి కొలిపించి, హద్దురాళ్ళు పాతించండి." వారు చెప్పినదే రాసి సంతకం చేయిస్తాము. ఈ వాక్యాలలో దున్నినవాడున్నాడు, రావలసినవాడున్నాడు, పాతవలసిన రాయి ఉన్నది. చదివిన అధికారికి ఒప్పుకోవడమో కాదనడమో తప్ప, చూసి కట్టలో చేర్చే వీలు లేదు. ఫలితం ప్రతిసారీ వస్తుందని మేము చెప్పము. జవాబు మాత్రం వస్తుంది. 'ప్రార్థించడమైనది' అన్న ముగింపుకు అయిదేళ్ళయినా రాని జవాబు ఇది.

మాట్లాడే భాషలో రాయాలన్న ఆలోచన మనకు బయటినుంచి దిగుమతి కానక్కరలేదు. దానికి పుట్టిల్లు ఇదే. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. బడిలో ఒక భాష, బతుకులో ఒక భాష ఉండరాదని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ మనం తరచు ఒక సంగతి మరిచిపోతాము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్నప్పుడు ఆయన సవరలతో కలిసి మెలిసి వారి భాష నేర్చుకున్నారు. ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. కొండమీది చిన్న జనసమూహం మాటకు విలువ ఇచ్చినవాడే తెలుగు సామాన్యుని మాటకూ విలువ ఇచ్చాడు. ఈ రెండు పనులూ వేరు కావని మా అభిప్రాయం. అల్పసంఖ్యాకుల హక్కుల గురించి మాట్లాడే మన సభలలో ఆయన పేరు వినిపించకపోవడం మన లోపం.

విజయనగరంలో గురజాడ అప్పారావుగారు 'కన్యాశుల్కం'లో చేసినదీ ఇటువంటిదే. 1897లో అచ్చయి, 1909లో తిరగరాయబడిన - చూశారా, 'బడు' ఎంత గడుసుదో, మా కలంలోకి కూడా దూరింది - 1909లో ఆయనే తిరగరాసిన ఆ నాటకంలో పండితునికి ఒక మాట, వేశ్యకు ఒక మాట, పనివాడైన అసిరిగాడికి ఒక మాట ఉన్నది. వాని మాట వానిదే కాబట్టి వాడు మనిషిగా కనిపిస్తాడు. తరువాతి కాలపు తెలుగు కథలు, సినిమాలు ముస్లిం పాత్రకు ఈ మర్యాద ఇవ్వలేదు. జట్కా తోలేవాడో, కుట్టు మిషను తొక్కేవాడో అయిన సాయిబు ఒకడు వస్తాడు. "అరే భాయ్, నిమ్కీ ఏమ్ కావాల్" అని వచ్చీరాని తెలుగు పలికి నవ్విస్తాడు, లేదా స్నేహితుని కోసం ప్రాణమిచ్చి ఏడిపిస్తాడు. రెండూ ప్రేమతో రాసినవే కావచ్చును. కాని ఆ తెలుగు ఎక్కడిది? శ్రీకాకుళం సాయిబు శ్రీకాకుళం తెలుగే మాట్లాడతాడు. "ఏటిరా గుంటడా, నమాజుకి ఏళయిపోతంది, ఇంకా ఏటి సేస్తన్నావు?" అని మనుమణ్ణి కేకేసే నానీల ఇళ్ళు మనవి. వచ్చీరాని తెలుగు అనేది మన నోటిలో లేదు. రచయిత చెవిలో ఉన్నది. అది విని నవ్విన చదువరికి తెలియకుండానే ఒక అభిప్రాయం మిగిలిపోతుంది: వీరు తెలుగువారు కారు.

ఈ స్థితిని మార్చినది మనవాళ్ళే. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' దీర్ఘకవితను ప్రకటించారు. ముస్లిం గురించి కాక, ముస్లిమే 'నేను' అని మాట్లాడిన కావ్యం అది. ఆ సర్వనామం ఒక్కటి మారడంతో చదువరి కూర్చున్న స్థానమే మారిపోయింది. అంతవరకు అతడు న్యాయమూర్తి, మనం బోనులో. ఇప్పుడు అతడు మన పక్కన నిలబడి వినవలసి వచ్చింది. తరువాత 1998లో స్కైబాబా సంపాదకత్వంలో 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో 'వతన్' కథా సంకలనం వచ్చాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'లో ఒక పిల్లవాడు నెల్లూరు యాసలో తన ఇంటి సంగతులు చెబుతాడు. అక్కడ హక్కుల ఉపన్యాసం లేదు. అమ్మ ఉంది, పేదరికం ఉంది, అల్లరి ఉంది. నవ్వుకుంటూ చదివిన హిందూ మిత్రుడు ఒకరు పుస్తకం తిరిగి ఇస్తూ "అచ్చం మా ఇల్లే" అన్నారు. పదేళ్ళ మత సామరస్య సభలలో మాకు ఆ మాట వినిపించలేదు. వేంపల్లె షరీఫ్ కడప యాసలో రాసిన 'జుమ్మా' కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. నల్లగొండ మాట, నెల్లూరు మాట, కడప మాట అచ్చయ్యాయి. మన మాట ఏదీ?

ఈ రచయితలు చేసిన మరొక పనిని గమనించాలి. 'జల్‌జలా' అంటే భూకంపమనీ, 'వతన్' అంటే స్వదేశమనీ అట్ట మీద తెలుగు పేరు పెట్టవచ్చును, పెట్టలేదు. తెలియనివాడు అడిగి తెలుసుకుంటాడు. ఇంటికి వచ్చిన అతిథికి మన వంట మనం పెడతాము గాని, అతని ఇంటి వంట వండిపెట్టము కదా. అయితే ప్రతి మాటనూ అలాగే వదిలేస్తే చదువరి గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. ఏ మాటను ఉంచాలి, దేనిని తెనిగించాలి అన్నది మనసు పెట్టి తేల్చుకోవలసిన విషయం. 'రోజా'ను 'ఉపవాసం' అంటే పొరుగింటి పిన్నిగారు పాలు, పళ్ళు పంపిస్తారు. వారి ఉపవాసంలో అవి చెల్లుతాయి. ఇది నవ్వుకుని వదిలేయగలిగినది. 'జకాతు'ను 'దానం' అన్నప్పుడు మాత్రం అర్థమే తలకిందులవుతుంది. దానం ఇచ్చేవాని దయ. జకాతు పుచ్చుకునేవాని వాటా. సంపన్నుల సొమ్ములో అర్థించేవారికీ, వంచితులకూ ఉన్న ఆ వాటాను ఖుర్‌ఆన్ 'హఖ్' అనే పేరుతోనే ప్రస్తావించింది. మన తెలుగు 'హక్కు' అదే. దానం అని అనువదించిన నాడు పేదవాని చేతినుంచి ఆ హక్కు జారిపోయి ధనవంతుని కీర్తిలో కలిసిపోతుంది.

అనువాదం మన ప్రాంతానికి కొత్తది కాదు. ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ పేరులోని 'షేర్'ను జనం 'పెబ్బులి'గా తెనిగించుకోగా అదే 'బొబ్బిలి' అయిందని ఇక్కడి పెద్దలు చెబుతారు. ఖుర్‌ఆన్ మొట్టమొదటి తెలుగు అనువాదం చేసినవారు కూడా మన జిల్లా బిడ్డే: పొందూరు దగ్గరి ఆనందపురంలో పుట్టిన చిలుకూరి నారాయణరావుగారు. 'ఆంధ్ర భాషా చరిత్రము' రాసిన మహా పండితుడు. ఆయన అనువాదం 1925లో వెలువడింది. జన్మతః బ్రాహ్మణుడైన ఒక భాషావేత్త, మన పవిత్ర గ్రంథాన్ని తెలుగువారికి అందించాలని అంత శ్రమ ఎందుకు పడ్డారో మన పిల్లలకు చెప్పామా? పొందూరు అనగానే ఖద్దరు గుర్తుకు వచ్చే మనకు ఈ పేరు కూడా గుర్తుకు రావాలి. ఆ అనువాదంలోని పదాల ఎంపిక మీద తరువాతి ఉలమాలకు భిన్నాభిప్రాయాలు ఉండవచ్చును, ఉండాలి కూడా. చర్చించడానికైనా ముందు ఒకరు రాయాలి.

మన పత్రికలలో వచ్చే రచనల గురించి కూడా ఒక మాట. 'అమాయక ముస్లింలు', 'దారుణ అన్యాయం', 'ఘోర వివక్ష' వంటి జంటపదాలు మనం ఎంత తరచుగా వాడుతున్నామంటే, అవి మన చదువరిని కూడా తాకడం మానేశాయి. అమాయకుడని చెప్పవద్దు. అతడు ఆ రోజు ఉదయం ఏ పని మీద బయలుదేరాడో, సంచిలో ఏమున్నదో, ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారో చెప్పండి. చదువరే అంటాడు అమాయకుడని. విశేషణం మనం వాడితే అది మన మాట, అతడు వాడితే అది అతని మాట. ఇక బయటివారికి అర్థం కాని పదజాలంతో మనలో మనం రాసుకునే పద్ధతి ఉన్నది. ధర్మ చర్చకు అది తగినదే కావచ్చును. పంచాయతీ సభ్యుని చేతిలో పెట్టవలసిన కరపత్రానికి తగదు.

తెలుగులో ఇంతగా మునిగితే ఉర్దూ ఏమవుతుందని పెద్దలు కొందరు మమ్మల్ని నిలదీస్తారు. వారి బాధ న్యాయమైనదే. భాషను, లిపిని కాపాడుకునే హక్కును రాజ్యాంగం 29వ అధికరణం ఇచ్చింది. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూకు రెండవ అధికార భాష హోదా కూడా వచ్చింది. పిల్లలకు ఉర్దూ నేర్పాలి, మసీదు గదులలోనైనా నేర్పాలి. కాని వందమందిలో ఒక్కరం కూడా లేని ఈ రెండు జిల్లాలలో, మన కష్టం పొరుగువానికి తెలియాలంటే అది అతనికి వచ్చిన భాషలోనే తెలియాలి. ఉర్దూలో ఏడిస్తే మనకే వినిపిస్తుంది.

ఇంతకూ మేము కోరేది పెద్ద ఉద్యమం కాదు. శ్రీకాకుళం పట్టణంలో కథానిలయం ఉన్నది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించిన ఆ ఇంటిలో తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చే పని సాగుతున్నది. అక్కడికి వెళ్ళి ఉత్తరాంధ్ర ముస్లిం ఇంటి కథల కోసం మేము వెతికాము. మా కంటపడినవి వేళ్ళమీద లెక్కించదగినన్ని. అలమారులో చోటు ఉన్నది, కథలే లేవు. చికాకోల్ అని, గుల్షనాబాద్ అని పిలిపించుకున్న ఊరిలో, జామియా మసీదు నీడలో పెరిగిన కుటుంబాలలో చెప్పుకోవడానికి కథలు లేవా? విజయనగరం ఖాదర్ బాబా దర్గా ఉర్సుకు కొబ్బరికాయ పట్టుకుని వచ్చే హిందూ తల్లికీ, ఆమెకు దారి చూపే ముజావరుకూ నడుమ జరిగే సంభాషణ ఒక కథ కాదా?

అందుకని మేము కొందరం కలిసి నెలకొక ఆదివారం జుహర్ నమాజు తరువాత పిల్లలను కూర్చోబెడుతున్నాము. తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలు. ఇంట్లో నానీనో, దాదీనో అడిగి ఒక సంగతి తెలుసుకుని, ఆమె చెప్పినట్టే రాసి తీసుకురావాలన్నది నియమం. ముప్పాతిక వంతు మంది మొదటిసారి బడి వ్యాసమే రాసి తెస్తారు. 'మా నాయనమ్మ మిక్కిలి కష్టములు పడినది' అని మొదలవుతుంది. మళ్ళీ ఇంటికి పంపుతాము. గత నెలలో ఒక అమ్మాయి, తుపానులో ఇంటి పైకప్పు లేచిపోయిన రాత్రి గురించి వాళ్ళ దాదీ చెప్పినది రాసి తెచ్చింది. "ఏటైపోతామో అనుకున్నాం" అని ముందు రాసి, 'ఏటై' కొట్టివేసి, దాని మీద 'ఏమై' అని దిద్దింది. దిద్దుబాటు తీసేసి, ముందు రాసినదే ఉంచమన్నాము. తెలుగు మాస్టారు మార్కులు తగ్గిస్తారని భయపడింది. ఆ మాస్టారుతో మేము మాట్లాడతామని చెప్పాము. ఈ సోమవారం వెళ్ళవలసి ఉన్నది.